నీలిమందు పెట్టిన తెర

రంగుల గురించి మాట్లాడమని నన్ను రేడియోకి పిలిస్తే, టీవీకి పిలవాల్సిన మనిషిని పొరపాటున ఇటు పిలిచారేమో అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే ఇదే నయమనిపించింది. టీవీలో నేను ఏ తెలుపు చూపించినా మీ ఇంట్లో టీవీ తనకు తోచిన తెలుపే చూపిస్తుంది. రేడియోలో ఆ బాధ లేదు.

మీ దగ్గర ఫోన్ ఉంటే ఒక్కసారి తీయండి. ఏదైనా ఖాళీ తెల్ల పేజీ తెర నిండా పరుచుకునేలా పెట్టండి. పక్కన ఒక తెల్ల కాగితం పట్టుకోండి, పిల్లల నోటుబుక్కులో పేజీ అయినా సరే. ఇందాకటి దాకా విడివిడిగా రెండూ తెలుపే. పక్కపక్కన పెట్టేసరికి ఒకటి తెలుపు కాకుండా పోయింది, చూశారా? పసుపు బల్బు కింద కూర్చున్నవాళ్లకి కాగితం గోధుమ వన్నెలోకి దిగి, ఫోన్ నీలంగా కనిపిస్తుంది. కిటికీ దగ్గర ఉన్నవాళ్లకి తేడా తక్కువగా ఉండొచ్చు. ఫోన్‌లో రాత్రిపూట వాడే పసుపు తెర ఆన్‌లోనే ఉండిపోయినవాళ్లకి వ్యవహారం తలకిందులవుతుంది.

వీటిలో అసలు తెలుపు ఏది? నా బతుకుతెరువంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. బెజవాడలో పాతికేళ్లుగా పెళ్లి ఆల్బమ్‌లు, పుస్తకాల అట్టలు, క్యాలెండర్లు డిజైన్ చేసే పని నాది. ఆల్బమ్‌లో చీర రంగు తప్పితే చీవాట్లు తినేది ఫొటో తీసినవాడు కాదు, ప్రింటు వేసినవాడు కాదు. మధ్యలో కంప్యూటర్ ముందు కూర్చున్న నాబోటివాడు.

నేను చేసిన ఒక తప్పు చెబుతాను. సీఆర్‌టీ మానిటర్ల కాలం అది. బల్లలో సగం ఆక్రమించే గాజు పెట్టె. పెళ్లిళ్ల సీజన్ కావడంతో పగలంతా వచ్చేపోయే జనం, ఫోన్లు. రంగుల పని రాత్రి పదింటి తర్వాతే. నెత్తిన ఒక పసుపు బల్బు వేలాడుతుండేది. ఒక అమ్మాయి రిసెప్షన్‌కి ఉల్లిపొర రంగు పట్టుచీర కట్టుకుంది. తెర మీద ఆ చీర వంగపండు ఛాయలోకి పోయింది. అమ్మాయి మొహం పాలిపోయి, విభూది రాసినట్టుంది. కెమెరావాడు పాడుచేశాడని తిట్టుకున్నాను. పసుపు పెంచాను, ఎరుపు కాస్త పెంచాను, నీలం తగ్గించాను. చీర ఉల్లిపొరలోకి వచ్చింది. మొహం కళకళలాడింది. ఇంకేముంది, అన్ని పేజీలకీ అదే మందు వేసి ప్రింటుకి పంపేశాను.

ఆల్బమ్ వచ్చిన రోజు పెళ్లికూతురి తల్లి వచ్చింది. మొదటి పేజీ తిప్పింది, రెండో పేజీ తిప్పింది, ఆగింది.

"బాబూ, మా అమ్మాయి కట్టింది ఉల్లిపొర చీర. ఇదేమో కాషాయం. పెళ్లినాడే సన్యాసం ఇప్పించావా ఏంటి?"

నా దగ్గర సమాధానం లేదు. తెర మీద పెట్టి చూపించాను, అక్కడ ఉల్లిపొరే. ఆవిడ తెరనీ చూసింది, ఆల్బమ్‌నీ చూసింది, నన్నూ చూసింది. "ఈ పెట్టెని ఇంటికి పట్టుకెళ్లమంటావా?" అంది. మళ్లీ వేసిస్తానని ఒప్పుకుని పంపించాను. ఆ రాత్రి మానిటర్ మెనూలోకి మొదటిసారి వెళ్లి చూశాను. అందులో ఒక చోట 9300 అని ఉంది. కొన్న రోజు నుంచీ అదే ఉంది.

ఆ అంకె కథ కమ్మరి కొలిమిలో మొదలవుతుంది. కొలిమిలో ఇనుప ముక్క పెట్టి తిత్తి ఊదుతుంటే ముందు నల్లటి ఎరుపు, తర్వాత నిప్పుల ఎరుపు, ఆపైన నారింజ, పసుపు, చివరికి కళ్లు చెదిరే తెలుపు. వేడిని బట్టి రంగు. పాత కమ్మరులకి థర్మామీటర్ అక్కర్లేదు, రంగు చూసి దెబ్బ వేస్తారు. భౌతికశాస్త్రం దీన్నే కొంచెం శుభ్రంగా చెప్పింది. తన మీద పడ్డ వెలుతురుని కొంచెం కూడా వెనక్కి పంపని ఒక నల్లటి వస్తువుని ఊహించి, దాన్ని ఇంత వేడి చేస్తే ఇలాంటి వెలుతురు వస్తుందని లెక్కకట్టారు. ఆ లెక్కని 1900లో సరిగ్గా కుదిర్చినవాడు మాక్స్ ప్లాంక్. వేడిని కొలిచే కొలత కెల్విన్. మనకి తెలిసిన సెల్సియస్‌కి 273 కలిపితే కెల్విన్ వస్తుంది.

ఈ లెక్కలో కొవ్వొత్తి వెలుతురు దాదాపు 1900 కెల్విన్. పాత ఫిలమెంట్ బల్బు 2700, 2800 మధ్య. మిట్టమధ్యాహ్నపు ఎండ 5500 దరిదాపుల్లో. మబ్బు కమ్మిన ఆకాశం 6500, ఆ పైన. ఎండ తగలకుండా నీలాకాశం వెలుతురు మాత్రమే పడే నీడ 8000, ఒక్కోసారి 10000 దాటుతుంది. కొలిమిలో ఇనుము ఇంత దూరం రాలేదు, చాలా ముందే కరిగిపోతుంది. నక్షత్రాలు వెళతాయి. రోహిణి 3900 కెల్విన్ ప్రాంతంలో నారింజ ఛాయలో ఉంటే, 20000 దాటిన చిత్త నీలి తెలుపులో ఉంటుంది. మబ్బులేని రాత్రి రెండిట్నీ మామూలు కంటితోనే చూసి తేడా పట్టొచ్చు.

ఇక్కడే ఒక తిరకాసు. మనం ఎరుపు, పసుపుల్ని వెచ్చని రంగులంటాం, నీలాన్ని చల్లని రంగంటాం. కెల్విన్ లెక్కలో వేడి పెరిగేకొద్దీ రంగు చల్లబడుతుంది. మానిటర్ మెనూలో 'వార్మ్' అంటే చిన్న అంకె, 'కూల్' అంటే పెద్ద అంకె. నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి కుర్రాడూ మొదటి వారం దీన్ని తిరగేసే చెప్పాడు. నేనూ చెప్పాను.

అంటే నా తెర 9300 దగ్గర కూర్చుని, ఎండ లేని నీడలో ఉండే నీలి తెలుపుని తెలుపు అని చూపిస్తోంది. నెత్తిన బల్బు 2700లో ఉంది. నా కన్ను ఆ రెండిటి మధ్యా ఇరుక్కుంది.

కన్ను ఇరుక్కోవడమంటే ఏమిటో చెప్పాలి. పెళ్లిపందిట్లో ఎర్ర షామియానా కింద కూర్చున్న పెళ్లికొడుకు పంచె ఏ రంగులో ఉంటుంది? తెల్లగానే ఉందంటారు అక్కడున్నవాళ్లంతా. ఫొటోలో చూస్తే గులాబీ రంగు. షామియానా కింద నిజంగానే ఎర్ర వెలుతురు ఉంది, పంచె మీద నిజంగానే అది పడింది. కన్ను మాత్రం ఒకటి రెండు నిమిషాల్లో సర్దుకుంది. ఎరుపుని పట్టే కణాలు తమ చురుకు తగ్గించుకుని, ఎదురుగా ఉన్న వెలుతురుకి తగ్గట్టు తెలుపుని కొత్తగా నిర్ణయించుకుంటాయి. జర్మన్ శాస్త్రజ్ఞుడు యొహానెస్ ఫాన్ క్రీస్ 1902లోనే ఈ సంగతికి లెక్క రాశాడు. చలువ కళ్లద్దాలు పెట్టుకున్న కాసేపటికి లోకం మామూలుగా అనిపించేదీ ఇందుకే.

ఒకే వెలుతురు ఉంటే కన్ను హాయిగా సర్దుకుంటుంది. ఎదురుగా ఒక వెలుతురు, పైన ఇంకో వెలుతురు ఉంటే సగం ఇటు, సగం అటు సర్దుకుని ఆగిపోతుంది. ఆ రాత్రి నాకు చీర వంగపండుగా కనిపించింది అందుకు. లేని నీలాన్ని చంపడానికి నేను పోసిన పసుపంతా కాగితం మీద కాషాయమై తేలింది.

మరి ఆ 9300 అక్కడెందుకుంది? పండక్కి గోడలకి సున్నం కొట్టేటప్పుడు బకెట్లో కాస్త నీలిమందు కలపడం మీరు చూసే ఉంటారు. ఉతికిన పంచెల్ని ఆఖరి జాడింపులో నీలం నీళ్లలో ముంచి తీసేవాళ్లు. గుడ్డలోని పసుపుని నీలం చంపుతుంది. దానివల్ల గుడ్డ నుంచి వచ్చే వెలుతురు నిజానికి కొంచెం తగ్గుతుంది. అయినా మనకి తెలుపు పెరిగినట్టే ఉంటుంది, మల్లెపువ్వులా ఉందంటాం. కంటికి నీలం వైపు కాస్త వాలిన తెలుపంటే మోజు. చెయ్యి జారి నీలం ఎక్కువైతే నలుగురూ నవ్వుతారు, అది వేరే సంగతి.

టీవీలు చేసేవాళ్లకి ఈ కిటుకు బాగా తెలుసు. అమెరికాలో 1953లో రంగుల టీవీకి ప్రమాణం రాసినప్పుడు తెలుపుని 6770 కెల్విన్ దగ్గర పెట్టారు. తీరా ఇళ్లకి చేరిన పెట్టెల్లో తెలుపు నీలం వైపు జరుగుతూ పోయింది. జపాన్‌లో 9300ని ఏకంగా వాడుక ప్రమాణం చేసుకున్నారు. షాపులో పది టీవీలు వరసగా వెలుగుతుంటే నీలిమందు ఎక్కువ పెట్టిన పెట్టే తెల్లగా, కాంతివంతంగా కనిపిస్తుంది, కొనేవాడి చెయ్యి దాని మీదే పడుతుంది. టీవీల్లోంచి ఆ అలవాటు కంప్యూటర్ మానిటర్లలోకి వచ్చింది. ఈరోజుక్కూడా కొత్త మానిటర్ పెట్టె తెరిస్తే, చాలావాటిలో తెలుపు కాస్త నీలంగా, వెలుగు అవసరానికి రెండింతలు ఉంటుంది. అది షాపు కోసం పెట్టింది, మన బల్ల కోసం కాదు.

సరే, నీలిమందు కడిగేస్తాం. కడిగి ఎక్కడ ఆపాలి?

చీరల షాపుకి వెళ్లిన ఏ ఆడమనిషినైనా చూడండి. లోపల ఎన్ని దీపాలున్నా నమ్మదు. నచ్చిన చీర చేత్తో పట్టుకుని గుమ్మం దాకా వస్తుంది. కొంగు విప్పి, పగటి వెలుతురులో ఇటు తిప్పి అటు తిప్పి చూస్తుంది. షాపువాడు కూడా ఏమీ అనుకోడు. శాస్త్రజ్ఞులు చేసిందీ అంతకన్నా గొప్పదేం కాదు. పగటి వెలుతురే ప్రమాణం అన్నారు. కాకపోతే ఏ ఊరి పగలు, ఏ పూట పగలు అన్నది తేల్చాలి కదా. అమెరికాలో రోచెస్టర్, ఇంగ్లండ్‌లో ఎన్‌ఫీల్డ్, కెనడాలో ఒట్టావా, ఈ మూడు చోట్ల కొలిచిన 622 పగటి వెలుతురు నమూనాల్ని జడ్, మకాడమ్, విషెట్స్‌కీ అనే ముగ్గురు కలిపి చూసి, 1964లో పగటి వెలుతురుకి ఒక లెక్క కట్టారు. మూడూ చలి ఊళ్లే. మన రోహిణీకార్తె ఎండ ఆ లెక్కలో లేదు. మన దేశం నుంచి శాస్త్రి, దాస్ అనే ఇద్దరు ఢిల్లీ ఆకాశాన్ని కొలిచి 1966లోనూ, 1968లోనూ అచ్చువేశారు. ఈ సంగతి మా రంగంలో చాలామందికి తెలియదు, అందుకే ప్రత్యేకించి చెబుతున్నాను.

ఆ 1964 లెక్కలోంచి వచ్చినవే డి65, డి50 అనే పేర్లు. డి అంటే డేలైట్. 65 అంటే 6500, 50 అంటే 5000. పట్టుదల ఉన్నవాళ్లు 6504 అంటారు. 1968లో వేడి కొలతకి సంబంధించిన ఒక స్థిరాంకాన్ని సవరించారు, దాంతో వెలుతురు మారకుండానే దాని అంకె నాలుగు పెరిగింది. పొలం కదలకుండా సర్వే నంబరు మారినట్టు.

1996లో హ్యూలెట్ ప్యాకర్డ్, మైక్రోసాఫ్ట్ కలిసి ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల ఒప్పందాన్ని ప్రతిపాదించాయి. 1999లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. అందులో తెలుపు డి65. హెచ్‌డీ టీవీకీ అదే. ఇంటర్నెట్‌లో మీరు చూసే బొమ్మ, ఫోన్‌లో వచ్చే వీడియో, అన్నీ డి65ని నమ్ముకుని తయారైనవే. సినిమా హాల్లో డిజిటల్ ప్రొజెక్టర్ తెలుపు మళ్లీ వేరు, దాదాపు 6300, కొంచెం ఆకుపచ్చ వైపు. చీకటి హాల్లో పోల్చుకోవడానికి ఇంకో తెలుపు ఉండదు కాబట్టి ఎవరూ పట్టుకోలేరు.

అచ్చు వాళ్లది ఇంకో మతం. వాళ్లకి డి50. ప్రింటుని పరీక్షగా చూడటానికి ఐఎస్‌ఓ 3664 అని ఒక ప్రమాణం ఉంది. 5000 కెల్విన్ దీపం, 2000 లక్స్ వెలుతురు, చుట్టూ బూడిద రంగు గోడలు. పెద్ద ప్రెస్సుల్లో ఇందుకోసం ప్రత్యేకంగా ఒక అలమారా లాంటిది ఉంటుంది. ఇది విని చాలామంది చేసే పని, ప్రింటు పని చేస్తున్నాం కదా అని మానిటర్‌ని తీసుకెళ్లి 5000లో పెట్టేయడం. నేనూ పెట్టాను, మూడు నెలలు పడ్డాను. తెర మాగిన నిమ్మకాయలా ఉండేది. నాలుగు రోజుల్లో అలవాటవుతుందన్నారు, అలవాటు కాలేదు. ఎందుకు అవుతుంది? మా గదిలో అప్పటికి ట్యూబులైట్లు వచ్చేశాయి. మన వైపు ఇళ్లల్లో, షాపుల్లో కొనే ట్యూబు పెట్టె మీద చూడండి, చాలావాటి మీద 'కూల్ డేలైట్ 6500కె' అని ఉంటుంది. మనం అనుకోకుండానే డి65 దరిదాపుల్లో బతుకుతున్న జనం. పెళ్లి ఆల్బమ్‌ని ఎవరూ 5000 కెల్విన్ అలమారాలో పెట్టి చూడరు. హాల్లో ట్యూబులైటు కింద సోఫాలో కూర్చుని, పక్కింటి పిన్నిగారికి చూపిస్తూ చూస్తారు.

అందుకని నా మాట ఇది. వెబ్‌కో, వీడియోకో, ఫోన్‌లో చూసే బొమ్మలకో పని చేసేవాళ్లు 6500 పెట్టుకుని ఇక ఆలోచించడం మానెయ్యండి. ప్రింటు పని చేసేవాళ్లు అంకెతో మొదలుపెట్టకండి. ప్రింటుని ఎక్కడ, ఏ దీపం కింద చూస్తారో ముందు అది తేల్చుకోండి. ఆ దీపం కింద ఖాళీ కాగితం పెట్టి, తెర మీద ఖాళీ తెల్ల పేజీ పెట్టి, రెండూ ఒకటే అనిపించేదాకా తెరని జరపండి. అసలు సిసలు 5000 దీపం పెట్టుకున్నవాళ్లకి కూడా చాలాసార్లు తెర మీద 5500కో 5800కో దగ్గరకి వచ్చేసరికే కాగితంతో కలిసిపోతుంది. అంకె తప్పింది కదా అని బెంగపడేవాళ్లని చూశాను. కన్ను ఒప్పుకున్నాక అంకెతో పనేమిటి?

అంకెని మరీ నమ్మకూడదనడానికి ఇంకో కారణం ఉంది. కెల్విన్ ఒక్కటే చెబితే తెలుపు పూర్తిగా చెప్పినట్టు కాదు. గోదావరి వెంబడి ఫలానా మైలురాయి దగ్గర మా ఊరు అన్నారనుకోండి. ఏ గట్టున, గట్టుకి ఎంత లోపలికో తెలియదు కదా. కెల్విన్ కూడా అంతే, పసుపు నుంచి నీలం దాకా ప్రవహించే ఒక గీత వెంబడి ఎక్కడున్నామో చెబుతుంది. గీతకి ఒక పక్కకి పోతే ఆకుపచ్చ, రెండో పక్కకి పోతే గులాబీ. రెండు మానిటర్లూ 6500 అంటూనే ఒకటి పాచి పట్టినట్టు, ఇంకోటి బుగ్గలకి రంగు పూసినట్టు ఉండొచ్చు. అందుకే తెలిసినవాళ్లు డి65ని రెండు అంకెల్లో చెబుతారు, 0.3127, 0.3290 అని. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. అప్పుడు ఊరు దొరుకుతుంది.

ఆ రెండు అంకెల కింద కూడా ఒక చిన్న గుట్టు ఉంది. రంగుల కొలతలన్నిటికీ ఆధారం 1931లో ఒప్పుకున్న 'ప్రామాణిక పరిశీలకుడు'. ఆ పరిశీలకుడు నిజానికి ఇంగ్లండ్‌లో రైట్ పరీక్షించిన 10 మంది, గిల్డ్ పరీక్షించిన 7 మంది. మొత్తం 17 జతల కళ్లు. లోకంలో తెరలన్నీ ఆ 17 మంది చూపు మీద నడుస్తున్నాయి. పాత తెరల్లో ఇది పెద్ద ఇబ్బంది పెట్టలేదు. ఓఎల్‌ఈడీ వంటి కొత్త తెరల్లో రంగులు సన్నగా, పదునుగా ఉంటాయి. అక్కడ రంగుని కొలిచే మీటరు రెండు తెరలకీ ఒకే అంకె చూపిస్తున్నా, కంటికి ఒకటి తేడాగా కనిపించడం ఉంది. సోనీ సంస్థ తన ఓఎల్‌ఈడీ స్టూడియో మానిటర్లకి తెలుపుని కావాలనే కాస్త జరిపి పెట్టమని సూచించింది, పాత సీఆర్‌టీ పక్కన పెడితే కంటికి కలవాలని. మీటరు కన్నా కన్నే పైకోర్టు అని అంత పెద్ద సంస్థే ఒప్పుకున్నాక, మనం మొహమాటపడక్కర్లేదు.

అలాగని మీటరు వద్దనడం లేదు. కన్ను ఇవాళ చెప్పింది రేపు చెప్పదు, నిద్ర తక్కువైనా మాట మారుస్తుంది. కన్ను ఒప్పుకున్న చోటుని మీటరుతో గుర్తుపెట్టుకోవాలి, నెల తర్వాత మళ్లీ అక్కడికే రావడానికి.

అది ఎలా ఉంటుందో చెబుతాను. మానిటర్ పెట్టిన అరగంట దాకా ముట్టుకోను, వేడెక్కి నిలకడకి రావాలి. కిటికీ తెర వేస్తాను. మీటరు అంటే కంప్యూటర్ మౌస్ అంత నల్లటి డబ్బీ. దాని తీగకి ఒక చిన్న బరువు ఉంటుంది. ఆ బరువుని మానిటర్ వెనక్కి జారవిడిస్తే డబ్బీ ముందుపక్క తెర మధ్యలో, గోడ మీద బల్లిలా అతుక్కుని ఉంటుంది. దాని కింద తెర తెల్లబడుతుంది, మీటరు చదువుతుంది. మొన్న కొన్న మానిటర్ మెనూలో 6500 అని రాసి ఉంటే మీటరు 7100 చెప్పింది. మెనూలో రాసింది కంపెనీ కోరిక, అంతే. 'యూజర్' అనే చోటికి వెళితే ఎరుపు, ఆకుపచ్చ, నీలం, మూడూ 100లో ఉన్నాయి. నీలం ఒక్కొక్క అంకె తగ్గిస్తూ పోయాను. 95, 93, 92. ఆకుపచ్చ రెండు తగ్గించాను. కంప్యూటర్‌లో మూడు రంగు పట్టీలు ఎగుడుదిగుడుగా ఉన్నవి ఒక మట్టానికి వచ్చాయి, తక్కెడ ముల్లు నడిమికి వచ్చినట్టు. ఎక్కువైనదాన్ని తగ్గించాలే గానీ తక్కువైనదాన్ని పెంచబోకూడదు, ఎల్‌సీడీలో 100 పైన ఏమీ ఉండదు.

ఈ తగ్గించడం ఉచితంగా రాదు. 6500లో ఉన్న మామూలు మానిటర్‌ని 5000కి దించాలంటే నీలం వెలుతురులో దాదాపు 40 శాతం కోసెయ్యాలి, ఆకుపచ్చలో ఆరో వంతు. 256 మెట్లున్న నీలం 200 చిల్లర మెట్లకి కుదించుకుపోతుంది. సాయంకాలపు ఆకాశం లాంటి బొమ్మలో నునుపుగా దిగాల్సిన రంగు చారలు చారలుగా కనిపించడానికి ఇదొక కారణం. తెర తనంతట తాను ఎక్కడుందో దానికి దగ్గరగా ఉండే తెలుపుని ఎంచుకుంటే ఈ నష్టం తక్కువ.

వెలుగు సంగతి కూడా ఇక్కడే తేల్చాలి. ఎస్‌ఆర్‌జీబీ ప్రమాణంలో తెర వెలుగు చదరపు మీటరుకి 80 క్యాండెలాలు. నేను 100, 120 మధ్య పెట్టుకుంటాను. పెట్టె తెరిచినప్పుడు 250, 300 ఉంటుంది. 'ప్రింటు నల్లగా వచ్చింది' అనే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ప్రింటు నల్లబడి కాదు, తెర ఎక్కువ వెలిగి వచ్చినవి.

కాగితం మాత్రం అమాయకురాలు కాదు. ఈ కాలపు తెల్ల కాగితంలో, బట్టల సబ్బుపొడిలో కూడా, కంటికి కనపడని అతినీల కిరణాన్ని మింగి నీలంగా వెలిగే మందు కలుపుతారు. పాత నీలిమందుకి ఇది మనవరాలు. ఎండలో ఆ మందు పనిచేస్తుంది, కాగితం మెరిసిపోతుంది. ఎల్‌ఈడీ ట్యూబు కింద అతినీలం దాదాపు ఉండదు కాబట్టి పెద్దగా పనిచెయ్యదు. ఒకే కాగితం గుమ్మం బయట ఒక తెలుపు, లోపల ఇంకో తెలుపు. అందుకే పెళ్లి శుభలేఖల నమూనాలు చూపించేటప్పుడు నేను రెండు చోట్లా చూపిస్తాను. తర్వాత మాట పడేకన్నా ముందే నాలుగడుగులు నడవడం నయం.

గోడలు కూడా చూసుకోవాలి. నా గదికి ఒకసారి మా ఇంటావిడ ముచ్చటపడి చిలకపచ్చ వేయించింది. రెండు వారాలు పెళ్లికూతుళ్లందరికీ జ్వరం కళ వచ్చింది. ఇప్పుడు బూడిద రంగు వేయించాను. వచ్చినవాళ్లు ఇంకా రంగు వెయ్యలేదా అని అడుగుతుంటారు.

ఆ ఉల్లిపొర చీర సంగతి మిగిలిపోయింది. మానిటర్‌ని 6500కి దించి, నేను పోసిన పసుపంతా తోడేసి, నా ఖర్చుతోనే ఆల్బమ్ మళ్లీ వేయించాను. ఆవిడ ఒక సాయంత్రం, చీకటి పడకముందే వచ్చింది. పేజీ తిప్పింది. మొహం చిట్లించింది.

"ఇప్పుడూ కాషాయం పోలికే ఉంది బాబూ."

నా గుండె జారిపోయింది. ఆవిడ ఇంకేం అనలేదు. ఆల్బమ్ చంకన పెట్టుకుని గుమ్మం దాటి మెట్ల మీదకి వెళ్లింది. పేజీని ఇటు తిప్పి, అటు తిప్పి చూసింది. చెంగు అంచు ఆనించి కూడా చూసింది, ఎందుకో తెలియదు. లోపలికి వచ్చి అదే పేజీ మళ్లీ చూసింది. తర్వాత తలెత్తి నా నెత్తి మీద వేలాడుతున్న పసుపు బల్బు వైపు చూసింది.

"ఆల్బమ్ బాగానే ఉంది. ముందు ఆ బల్బు మార్చు."

మర్నాడు పొద్దున్నే స్టూలు వేసుకుని ఎక్కాను.